మట్టి ట్రాక్ బండికి వెనక గేర్ ఎంచుకోవడం: నా అనుభవం

మా రేస్ కారుకి వెనక ఇరుసులో గేర్ రేషియో (చక్రం ఒకసారి తిరగడానికి ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) ఎంత పెట్టాలో తేల్చే పని నాకు అప్పగించారు. సూత్రం చిన్నదే. గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో చూసి, దాన్ని 16.67తో గుణించి, టైర్ చుట్టుకొలతతో (మీటర్లలో) భాగిస్తే చక్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో తెలుస్తుంది. దాన్ని రేషియోతో గుణిస్తే టాప్ గేర్‌లో (మా బండికి ఇందులో ఇంజిన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి) ఇంజిన్ ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో, వచ్చేస్తుంది.

అందుకే మొదట టేపు తీశాను. రేసులో ఉంచే గాలే నింపి, కుడి వెనక టైర్ చుట్టూ కొలిస్తే 2.24 మీటర్లు వచ్చింది. ఎప్పుడూ ఎడమకే తిరిగే ట్రాక్ కాబట్టి ఎడమ టైర్ కావాలనే కాస్త చిన్నది పెడతాం. రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లాక్ చేసి ఉంటుంది గనక రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. బరువు ఎక్కువ మోసేది కుడి టైరే, అందుకని నా లెక్కకి ఎప్పుడూ దాన్నే తీసుకుంటాను. ఈ కొలత వదిలేసి గేర్ గురించి వాదించుకునేవాళ్లను చాలామందిని చూశాను. 2.24 టైర్ తీసేసి 2.18 టైర్ ఎక్కిస్తే, 6.00 గేర్ ఉన్న బండి 6.17 గేర్ వేసినట్టే పరుగెత్తుతుంది. గేర్ ముట్టుకోకుండానే గేర్ మారిపోయిందన్నమాట.

గేర్లు మార్చడం మాకు పెద్ద పని కాదు. మాది క్విక్ చేంజ్ రకం. ఇరుసుని తిప్పే పెద్ద గేర్ (క్రౌన్ వీల్), దాన్ని తిప్పే చిన్న గేర్ (పినియన్) 4.86 దగ్గర అలాగే ఉంటాయి, వెనక మూత తీసి రెండు చిన్న గేర్ల జత మారిస్తే చాలు. ఇంజిన్ నుంచి వచ్చే షాఫ్ట్ మీద 17 పళ్లది, పినియన్ షాఫ్ట్ మీద 21 పళ్లది పెడితే 4.86 × 21 ÷ 17, అంటే 6.00. మూత తీసేటప్పుడు వేడి ఆయిల్ చేతుల మీద పడకుండా చూసుకోవాలి, అంతే. మామూలు ఇరుసైతే క్రౌన్, పినియన్ జతే మార్చాలి, మళ్లీ బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదిలే సందు) సెట్ చేయాలి, పళ్లకి రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చూడాలి. ట్రాక్ పక్కన కూర్చుని చేసే పని కాదది.

6.00తో మొదలుపెట్టాం. స్ట్రెయిట్ (ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగం) చివర 150 వేగానికి లెక్క ప్రకారం దాదాపు 6,700 రావాలి, ఆర్‌పీఎం చూపించే టాకోమీటర్ 7,100 చూపించింది. ఆ తేడా చక్రం జారుడే. మట్టి మీద అది లేకుండా ఉండదు. మలుపు మధ్యలో మాత్రం 4,800కి పడిపోతోంది. మా ఇంజిన్ 5,200 దగ్గర నుంచి బాగా లాగుతుంది. 7,200 దాటితే అరుపే తప్ప బలం ఉండదు.

"పికప్ చాల్లేదురా, పెద్ద నంబర్ వెయ్" అన్నాడు డ్రైవర్. కాగితం మీద వేసి చూపించాను. మలుపులో 4,800ని 5,200 చేయాలంటే 6.00ని 5,200తో గుణించి 4,800తో భాగించాలి, 6.50 వస్తుంది. అదే గేర్‌తో స్ట్రెయిట్ చివర 7,100 కాస్తా 7,690 అవుతుంది. గేర్ పై అంకెనీ కింది అంకెనీ ఒకే నిష్పత్తిలో జరుపుతుంది. వాటి మధ్య దూరాన్ని దగ్గర చేయలేదు. దగ్గర చేయాలంటే మలుపులో బండి వేగం పెరగాలి. చాలామంది గేర్ల జతలుండే డబ్బాల చుట్టూ తిరిగేది ఇది పట్టించుకోకే అని నా అభిప్రాయం.

అందుకని గేర్ అలాగే ఉంచి, మలుపులోకి కాస్త ముందుగా యాక్సిలరేటర్ వదిలి, వేగం చంపకుండా తిప్పమన్నాను. గొణిగాడు గానీ చేశాడు. మలుపు మధ్యలో 5,050 వచ్చింది, పైన 7,100 దాటలేదు. గేర్ మార్చకుండానే ల్యాప్ టైమ్ తగ్గింది.

పొద్దుపోయేసరికి తడి ఆరిపోయి ట్రాక్ నున్నగా మెరవడం మొదలైంది. అప్పుడు టాకోమీటర్ మెమరీలో గరిష్ఠం 7,300 అని ఉంది. మెమరీని గుడ్డిగా నమ్మితే బండి ఇంకా వేగంగా పోతోందనుకోవాలి. స్ట్రెయిట్ చివర ముల్లు ఎక్కడుందో చూసి చెప్పమంటే 6,700 అన్నాడు డ్రైవర్. అంటే ఆ 7,300 మలుపులోంచి బయటికొస్తూ చక్రాలు ఊరికే తిరిగినప్పుడు పడ్డ అంకె. మలుపు మధ్యలో 4,700.

ఇక్కడ మా వాళ్లలో రెండు మాటలు వచ్చాయి. మలుపులో ఆర్‌పీఎం పడింది కాబట్టి నంబర్ పెంచాలని ఒక మాట. నంబర్ తగ్గించాలన్నది నాది. నంబర్ పెంచితే చక్రానికి అందే టార్క్ (తిప్పే బలం) ఇంకా పెరుగుతుంది. జారుతున్నదే ఆ టార్క్ ఎక్కువై కదా! 21, 25 పళ్ల జత వేసి 5.79కి దించాను. పెద్ద మార్పేమీ కాదు. 6.00 దగ్గర 0.10 మారిస్తే 7,000 ఆర్‌పీఎంకి దాదాపు 117 తేడా వస్తుంది, మాది 0.21.

మొదటి రెండు ల్యాపులు చప్పగా ఉన్నాయని డ్రైవర్ ముఖం మాడ్చాడు. ఇంజిన్ గొంతు కింది స్థాయిలో వినబడితే బండి నెమ్మదిగా పోతున్నట్టే అనిపిస్తుంది. స్టాప్‌వాచ్ మాత్రం వేరే చెప్పింది, ముఖ్యంగా చివరి ల్యాపుల్లో. చక్రాలు జారడం తగ్గి కుడి వెనక టైర్ వేడెక్కలేదు, మిగతా బండ్లు జారుకుంటూ బయటికి పోతుంటే మాది లోపలి గీత పట్టుకునే ఉంది. మెమరీలో గరిష్ఠం ఈసారి 6,550, అదీ స్ట్రెయిట్ చివరే పడింది.

తర్వాత మూత విప్పి ఆయిల్ పారబోసి, మాగ్నెట్ బోల్టుకి అంటుకున్న ఇనుప పొడి చూశాను. సన్నగానే ఉంది, పెచ్చులు లేవు. 5.79 జత తుడిచి డబ్బాలో పెట్టి, పక్కన నోటు రాశాను: టైర్ 2.24, ట్రాక్ పొడి, స్ట్రెయిట్ చివర 6,550, మలుపులో 4,600.