డబ్లిన్‌లో ఇల్లు చూడ్డానికి క్యూ

ఒక్క సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కోసం క్యూ వీధి మలుపు దాటిపోయింది ఇవాళ. నా ముందు ఒక ఐరిష్ అమ్మాయి, నర్సంట, పేస్లిప్పులూ పాత ఓనర్ ఇచ్చిన లెటరూ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి, వానకి తడవకుండా కోటు లోపల దాచుకుని నించుంది.

తోడొచ్చిన వాళ్ల నాన్న మాటల్లో పడ్డాడు, 2010లో ఇక్కడ పనుల్లేక ఆస్ట్రేలియా వెళ్లిపోయాడంట, అప్పుడేమో సగం కట్టి వదిలేసిన ఇళ్లు ఊళ్ల బయట ఖాళీగా పడుండేవి, ఇప్పుడు కూతురికి అద్దెకి కూడా దొరకట్లేదు అన్నాడు.

ఆ ఆర్థిక సంక్షోభం నుంచి ఐర్లాండ్ కోలుకోలేదని ఎవరూ అనలేరు. యూరోపియన్ యూనియన్, అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్), ఇంకొన్ని దేశాలు కలిపి 67.5 బిలియన్ యూరోలు అప్పిస్తామంటే తీసుకుని, 2013 డిసెంబర్‌కల్లా ఆ ప్రోగ్రామ్‌లోంచి బయటపడ్డారు, 2012లో దాదాపు 15 శాతం ఉన్న నిరుద్యోగం ఇప్పుడు 5 శాతం అటూఇటూ. 2011లో గంటకి 8.65 నుంచి 7.65 యూరోలకి కోసేసిన కనీస వేతనాన్ని అదే ఏడాది మళ్లీ పాత లెక్కకి తెచ్చారు, అది నాకు చాలా నచ్చింది.

కానీ జీడీపీ చూసి మురిసిపోతే లాభం లేదండీ. 2015లో పాతిక శాతం పైనే పెరిగిందన్నారు, అదంతా పెద్ద కంపెనీలు తమ ఆస్తుల లెక్కలు ఇక్కడికి మార్చుకోవడం వల్ల, అందుకే వీళ్లే వేరే కొలత పెట్టుకోవాల్సొచ్చింది.

కంపెనీల లాభాల మీద వేసే కార్పొరేషన్ ట్యాక్స్ దండిగా వస్తోంది కదా, ఆ డబ్బుతో మన మున్సిపాలిటీల్లాంటి స్థానిక కౌన్సిళ్లే మళ్లీ పెద్ద ఎత్తున ఇళ్లు కట్టాలి, నర్సులూ బస్సు డ్రైవర్లూ కట్టగలిగే అద్దెకి ఇవ్వాలి, డబ్లిన్‌తో పాటు కార్క్‌లో, గాల్వేలో కూడా.