నూరు ఫీల్డులు

పొద్దున రెండో సంవత్సరం వాళ్లకి జీల్-నీల్సెన్ స్టెయినింగ్ ప్రాక్టికల్, అంటే కఫంలోని క్షయ (టీబీ) బ్యాక్టీరియాని రంగు వేసి పట్టుకునే పద్ధతి. ఏటా చెప్పే పాఠమే. అయినా స్లైడ్ మీద కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి కింద మంట చూపించగానే వచ్చే ఆ ఫినాల్ వాసనతో నాకు ఎక్కడలేని హుషారు వస్తుంది. ఆవిరి లేవాలి, మరగకూడదు, రంగు ఎండిపోకూడదు. క్షయ బ్యాక్టీరియా పైపొర మైనం లాంటిది, వేడి తగిలితేనే ఎరుపు లోపలికి దిగుతుంది. దిగిందంటే ఆమ్లం పోసినా వదలదు. మిగతావన్నీ వెలిసిపోయి, తర్వాత వేసే మెథిలీన్ బ్లూతో నీలంగా మారతాయి. ఆ ఐదు నిమిషాల్లో జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ సంగతి చెప్పాను. 1882లో ఆయన ఈ క్రిమిని చూపించినప్పుడు రంగు పట్టడానికే దాదాపు ఒక రోజు పట్టేది.

పావుగంటకే ఒకబ్బాయి రికార్డు పట్టుకొచ్చాడు. "నెగెటివ్ మేడమ్."

"ఎన్ని ఫీల్డులు చూశావు నాన్నా?"

"ఇరవై దాకా."

ఫీల్డంటే మైక్రోస్కోప్ లో ఒకసారికి కనిపించే గుండ్రటి భాగం. కోపం రాలేదు. స్లైడ్ మీద నూనె చుక్క వేసి చూసే ఆయిల్ ఇమ్మర్షన్‌లో చూస్తుంటే కళ్లు ఎంత లాగుతాయో నాకు తెలుసు. కానీ స్లైడ్ మీద పూసిన కఫం, అంటే స్మియర్‌లో దొరకాలంటే మిల్లీలీటరు కఫంలో 5,000 నుంచి 10,000 బ్యాక్టీరియా ఉండాలి. అన్ని ఉన్నా ఎక్కడో ఒకటీ అరా కనిపిస్తాయి. నూరు ఫీల్డులు చూడనిదే నెగెటివ్ అని రాయకూడదని చెప్పి మళ్లీ కూర్చోబెట్టాను.

అరవై దాటాక "మేడమ్!" అని కేక. వెళ్లి చూశాను. నీలం మధ్యలో సన్నగా, కాస్త వంగిన ఎర్ర పుల్ల. నూరు పూర్తయ్యేసరికి మూడు దొరికాయి. పదిలోపు అయితే ఉన్న అంకే వేయాలి కాబట్టి రిపోర్టులో 3 అని రాయించాను. ఎవరి కఫమో మాకు తెలియదు, పాత స్లైడు. అయినా ఇరవై దగ్గర ఆగిపోతే ఆ మనిషికి ఏం జరిగేదో వాడికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో గంట పోయింది. తర్వాత పీజీ అమ్మాయి థీసిస్ టేబుల్స్ తెచ్చింది. కఫంలోని క్షయ బ్యాక్టీరియాని సీసాల్లో పెంచి చూసే ఎనిమిది వారాల కల్చర్ పని. పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా 20 నిమిషాల్లో రెండింతలవుతుంది, క్షయ బ్యాక్టీరియాకి 15 నుంచి 20 గంటలు కావాలి. పెట్టిన సీసాలు 160, టేబుల్లో 153. మిగతా ఏడింటిలో వేరే బ్యాక్టీరియా పెరిగిందట. "నాకు పని రాదనుకుంటారేమోనని తీసేశాను మేడమ్" అంది. గొంతు వణికింది.

పక్కన కూర్చోబెట్టుకున్నాను. కఫంలోని ఇతర క్రిముల్ని చంపడానికి సోడియం హైడ్రాక్సైడ్ వాడతాం. తక్కువైతే అవి మిగిలిపోతాయి, ఎక్కువైతే మనకి కావాల్సినదే చచ్చిపోతుంది. అందుకే నూటికి మూడు నుంచి ఐదు సీసాలు చెడిపోవడం మామూలే. "నీవి నాలుగున్నర కూడా లేవమ్మా. ఒక్కటీ చెడలేదని తెచ్చుంటే అప్పుడు అనుమానపడేదాన్ని" అన్నాను. అక్కడే 153 కొట్టేసి 160 రాసింది, కంటామినేషన్ అని కొత్త వరుస గీసింది.

వెళ్లేముందు ఇద్దరం ఇంక్యుబేటర్ తెరిచి కొత్త బ్యాచ్ చూశాం. ఒక సీసాలో బ్యాక్టీరియా పెరిగే పచ్చటి మీడియం మీద రొట్టె పొడిలాంటి చిన్న రేణువు. క్షయ బ్యాక్టీరియా గుంపు, అంటే కాలనీయో కాదో ఇంకా చెప్పలేం. తేదీ వేసి, ప్రశ్నార్థకం పెట్టి, మూత బిగించి లోపల పెట్టేశాం. వచ్చే వారం చూడాలి.