తెర మీద నా చేతులు

టేపు మెడలో వేసుకుని కొలతలు తీస్తుంటే ఆవిడ ఫోను ముందుకు చాపారు. "అచ్చం ఇలాంటి మగ్గం పనే కావాలమ్మా."

తెర మీద ఉన్నవి నా చేతులే! చూపుడు వేలికి కట్టుతో సహా.

2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, ఉన్న వీడియోలన్నీ పోయిన ఉక్రోషంతో యూట్యూబులో పెట్టిన జర్దోసీ (మెరిసే లోహపు తీగతో చేసే కుట్టుపని) పాఠం అది.

ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో వారానికి నాలుగు రీళ్లు, పాటలు, లైట్లు. చూసినవాళ్లు లైకు కొట్టి వెళ్లిపోతారు. వాట్సాప్ స్టేటస్‌కు 24 గంటలే ఆయుష్షు, అయినా మా వీధి ఆర్డర్లన్నీ దాని పుణ్యమే. లింక్డిన్‌లోనూ ఖాతా తెరిచాను, ఎందుకని అడగకండి.

"జర్దోసీ ఆకు ఎలా కుట్టాలి" అని వెతుక్కునేవాళ్లు మాత్రం ఆ పాత వీడియో దగ్గరికి ఇంకా వస్తూనే ఉన్నారట.

రేపు రీలు మానేసి పూసల కుట్టు చూపిస్తాను. ఈసారి వేలికి సూది గుచ్చుకోకపోతే.