బుడ్డి గట్టిపడట్లేదు

బోటుకి నాలుగు వేలు అనగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ డబ్బుతో గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో ఏసీలో కాకినాడ వచ్చి, తిరిగి సికింద్రాబాద్ వెళ్లినా ఇంకా మిగులుతాయి. "కార్తీకమాసం కదా బావా, ఇలాగే ఉంటాయి" అన్నాడు మా బావమరిది. వాడిది కాకినాడే కాబట్టి ఆ ఊరి రేట్లన్నీ వాడికి న్యాయంగానే కనిపిస్తాయి. సుబ్బయ్య హోటల్ భోజనం గురించి, కాజా గురించి అందరూ రాసేశారు, నేను రాయను. రాయాల్సింది కోరంగి మడ అడవుల మధ్య ఆగిపోయిన మోటారు గురించి.

కాకినాడ తీరంలోని ఇసుక దీవి హోప్ ఐలాండ్ చూడాలని బయల్దేరాం. ఫైబర్ బోటు, వెనక 9.9 హార్స్ పవర్ టూ-స్ట్రోక్ మోటారు. పైమూత రంగు పూర్తిగా వెలిసిపోయింది. లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోస్తాడట బోటు బాబాయ్. పాయలో కాసేపు బాగానే పోయింది. రెండు పక్కలా మడ చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు, అక్కడక్కడా కొంగలు. నేను ఫోన్ తీసేలోపు మోటారు ఒకసారి గొంతు తగ్గించింది, మళ్లీ లేచింది, మళ్లీ తగ్గింది. రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"కంగారు పడకండి బాబూ" అన్నాడాయన. "స్పార్కు పోతే టక్కున ఆగిపోద్దండి. ఇది దగ్గి దగ్గి ఆగింది. పెట్రోలు అందట్లేదు."

ముందు ట్యాంకు మూత మీదున్న గాలి మర తిప్పి చెవి దగ్గర పెట్టి విన్నాడు. అది మూసుకుపోయి ఉంటే లోపలికి గాలి బుస్సుమంటూ పోయేదట. చప్పుడేం లేదు. తర్వాత మోటారు మూత తీసి, కార్బురేటర్ కింద సగానికి కోసిన నీళ్ల బాటిల్ పెట్టి డ్రెయిన్ స్క్రూ వదులు చేశాడు. బాటిల్ అడుగున నీళ్లు గుండ్రంగా, పెట్రోలుతో కలవకుండా విడిగా నిలబడ్డాయి. అప్పుడే మా బావమరిది సిగరెట్ తీస్తే బాబాయ్ ఒక్క అరుపు అరిచాడు. అంతసేపూ "అండి" తప్ప ఇంకో మాట లేని మనిషి.

నీళ్లెక్కడివి? పెట్రోలు యానాంలో కొని తెచ్చిందట. అక్కడ లీటరు పది రూపాయలకు పైగా తక్కువ కాబట్టి ఈ చుట్టుపక్కల వాళ్లకి అది మామూలే. క్యాన్లలో తెచ్చి, సగం వాడి, సగం అలాగే ఉంచేస్తారు. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దానికి తేమని పీల్చుకునే గుణముంది. ఉప్పుగాలి తగిలే ఇంటి వసారాలో మూత సరిగ్గా పట్టని క్యాన్ పెడితే ఇంకేమవుతుంది? వాన నీళ్లే పడ్డాయని నా అనుమానం. ఆయన మాత్రం కొత్త పెట్రోలునే తిట్టాడు. పాత మోటార్లలో రబ్బరంతా దాంతోనే పాడైపోతోందన్నాడు.

నీళ్లు తీసేశాక తాడు లాగితే మోటారు అందుకుంది. హమ్మయ్య అనుకున్నాం. ఒక మలుపు తిరిగామో లేదో మళ్లీ అదే దగ్గు.

ఈలోగా పాటు మొదలైంది, అంటే సముద్రం నీళ్లు వెనక్కి తీయడం. ఒడ్డున బురద అంచు వెడల్పవుతోంది. నీళ్లు ఇంకా తీస్తే బోటు అక్కడే కూర్చుంటుంది, మళ్లీ పోటు వచ్చేదాకా మేమూ కూర్చోవాలి. నాకు టెన్షన్ మొదలైంది. బాబాయ్ మాత్రం ట్యాంకు నుంచి మోటారుకి వెళ్లే పైపు మధ్యలో ఉన్న, పెట్రోలుని మోటారులోకి నెట్టే రబ్బరు బుడ్డిని పట్టుకుని పిసుకుతూ కూర్చున్నాడు. నాలుగు పిసుకులకి అది రాయిలా గట్టిపడాలట. పడట్లేదు.

"చొట్టపడి అలాగే ఉండిపోతే ట్యాంకు వైపు అడ్డమున్నట్టండి. ఇది మళ్లీ ఉబ్బుతోంది గానీ మెత్తగానే ఉంది. గాలి లాగుతోంది."

పైపంతా తడిమి చూశాను. ఎక్కడా ఒక్క చుక్క కారట్లేదు. కారకపోతే చిల్లి ఎక్కడుంటుంది అని అడగబోయి ఆగాను. ఇది నాకు తెలిసిన సంగతే. నల్గొండలో మా బావి మోటారుదీ ఇదే జబ్బు. సక్షన్ పైపుకి చిల్లి పడితే నీళ్లు బయటికి రావు, గాలే లోపలికి పోతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం ఎక్కవు. నాన్న నీళ్లు పోసి పోసి విసిగిపోయి, జాయింటుకి సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టేవాడు. నేను పైన స్విచ్ దగ్గర నిలబడి, ఆయన "వెయ్యి" అనే దాకా ఎండలో ఎదురుచూసేవాణ్ణి. మూడో తరగతి చదువుతున్న పిల్లాడికి అంత పెద్ద ఉద్యోగం ఇంకోటి లేదు.

"ట్యాంకు దగ్గర జాయింటు చూడు బాబాయ్" అన్నాను. ఆయన అప్పటికే అక్కడే చూస్తున్నాడు. పైపు వంచితే క్లిప్పు పక్కన రబ్బరు మీద సన్నటి పగుళ్లు తెరుచుకున్నాయి. రొయ్యల వల కోసే కత్తితో అంతమేర కోసేసి, మిగిలిన పైపుని జాయింటు మీదికి తోసి, బైండింగ్ వైరుతో మెలిపెట్టాడు. బుడ్డి నిలువుగా, బాణం గుర్తు మోటారు వైపుండేలా పట్టుకుని మళ్లీ పిసికాడు. గట్టిపడింది. నా చేతికిచ్చి నన్నూ పిసికి చూడమన్నాడు.

హోప్ ఐలాండ్ మాత్రం దూరం నుంచే చూశాం. గీత గీసినట్టు ఇసుక, అంతే. నీళ్లు తగ్గిపోతున్నాయని వెనక్కి తిప్పేశాడు.

రేవులో మా వాడు బేరానికి దిగాడు. సగం దారికి పూర్తి డబ్బులా అని. అయిదొందలు తగ్గించాడాయన. తగ్గించి, ఆ అయిదొందలకి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొత్త బుడ్డీ, మీటరున్నర పైపూ కొని పంపమని నాకు అప్పజెప్పాడు. కోసేసిన ముక్కని సైజు కోసం కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఎక్కువైతే ఎవరు పెట్టుకోవాలో, కొరియర్ ఖర్చు ఎవరిదో మాత్రం మాట్లాడలేదు.