ఇంట్లో స్పీకర్లు మాట వినాలంటే ముందు రౌటర్ సంగతి చూడండి

హాల్లో ఒక వైఫై స్పీకర్, వంటింట్లో ఒకటి, పడగ్గదిలో ఇంకొకటి. విడివిడిగా మూడూ బాగానే పాడతాయి. ఫోన్ తీసి చూస్తే మాత్రం వంటింటిది జాబితాలో కనపడదు. మూడూ కలిపి పెడితే ఒకటి మధ్యలో ఆగుతుంది. వెంటనే స్పీకర్‌ని రీసెట్ చేసేవాళ్లే ఎక్కువ. చాలావరకు లోపం ఉండేది వైఫై అమరికలో.

అసలు పాట ఎటునుంచి వస్తోందో ముందు తెలియాలి. బ్లూటూత్‌లో పాట ఫోన్ నుంచే స్పీకర్‌కి వెళ్తుంది. అందుకే కాల్ వస్తే పాట ఆగుతుంది, ఫోన్ జేబులో పెట్టుకుని మేడెక్కితే తెగిపోతుంది. యాప్‌లోని కాస్ట్ బొమ్మ (వైఫై మీద గూగుల్ తరహా స్పీకర్‌కి పాట పంపే గుర్తు) నొక్కి పాట పెడితే అలా కాదు. ఫలానా పాట పెట్టమని చెప్పి ఫోన్ పక్కకు తప్పుకుంటుంది, పాటను స్పీకరే ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్ చేసినా పాట సాగుతూనే ఉంటుంది. స్పాటిఫై కనెక్ట్‌దీ ఇదే పద్ధతి. ఐఫోన్ నుంచి ఎయిర్‌ప్లేలో పెడితే మాత్రం వైఫై మీద నడిచినా సాధారణంగా పాట ఫోన్ నుంచే వెళ్తుంది. ఫోన్ పట్టుకుని బజారుకెళ్తే ఇంట్లో పాట ఆగినట్టే.

కాస్ట్ స్పీకర్లను ఫోన్ ఎలా కనిపెడుతుంది? "ఇక్కడ ఎవరెవరున్నారు?" అని నెట్‌వర్క్ అంతటికీ ఒక కేక వేస్తుంది. ఈ కేక రౌటర్ దాటి ఇంకో నెట్‌వర్క్‌లోకి పోదు. మన ఇళ్లలో చిక్కంతా ఇక్కడే. ఫైబర్ కనెక్షన్ వాళ్లు పెట్టిన బాక్స్ ఒక వైఫై ఇస్తుంది. సిగ్నల్ చాలట్లేదని కొన్న రౌటర్ ఇంకో వైఫై ఇస్తుంది. ఫోన్ దీనికీ స్పీకర్ దానికీ తగులుకుంటే రెండింటిలోనూ ఇంటర్నెట్ వస్తుంది గానీ ఒకదానికొకటి కనపడవు.

కనిపెట్టడం తేలిక. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో ఆ ఫోన్ నంబరు) ఉంటుంది. గూగుల్ హోమ్ యాప్‌లో స్పీకర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డివైస్ ఇన్ఫర్మేషన్ చూస్తే దాని ఐపీ కూడా ఉంటుంది. ఒకటి 192.168.1తో, ఇంకొకటి 192.168.0తో మొదలైతే రెండూ వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్నట్టే. దీనికి రెండు దారులున్నాయి. ఫైబర్ బాక్స్‌లో వైఫై పూర్తిగా ఆపేసి, అన్నిటినీ మీ రౌటర్‌కే కలపడం ఒకటి. బాక్స్ వైఫై కూడా కావాలంటే మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి. అప్పుడు ఐపీలు పంచే పని బాక్స్ ఒక్కటే చేస్తుంది, ఇల్లంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది. మోడ్ మార్చాక రౌటర్ అడ్మిన్ పేజీ పాత అడ్రసులో తెరుచుకోకపోవచ్చు. రౌటర్ పాడైందని కంగారు పడకండి, కొత్త అడ్రసు ఫైబర్ బాక్స్‌లోని కనెక్టెడ్ డివైసెస్ జాబితాలో దొరుకుతుంది.

నెట్‌వర్క్ ఒకటే అయినా కనపడకపోతే చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. స్పీకర్‌ని గెస్ట్ వైఫైకి కలిపారా? రౌటర్‌లో ఏపీ ఐసోలేషన్ (వైఫైలోని పరికరాలు ఒకదానికొకటి కనపడకుండా చేసే సెట్టింగు) ఆన్‌లో ఉందా? ఫోన్‌లో వీపీఎన్ నడుస్తోందా? ఐఫోన్ అయితే ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కీ లోకల్ నెట్‌వర్క్ అనుమతి విడిగా ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు చూసుకోకుండా వద్దని నొక్కేస్తే ఆ యాప్‌లో స్పీకర్ కనపడదు. పాత స్పీకర్ అసలు వైఫైకే ఎక్కనంటే రౌటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 (కొత్త తరం వైఫై భద్రత పద్ధతి) ఒక్కటే పెట్టి ఉందేమో చూసి, పాతదైన డబ్ల్యూపీఏ2తో కలిపి ఉన్న మోడ్‌కి మార్చండి.

అలెక్సాతో నడిచే అమెజాన్ స్పీకర్ ఎకో సంగతి వేరు. అలెక్సా యాప్ ఆదేశాలు అమెజాన్ సర్వర్ల మీదుగా వెళ్తాయి కాబట్టి ఊరు దాటినా యాప్‌లో ఎకో కనపడుతుంది. ఇంట్లో నెట్ పోతే మాత్రం పక్క గదిలోంచి కూడా యాప్ దాన్ని అదుపు చేయలేదు, లేచి వెళ్లి బటన్ నొక్కుకోవాల్సిందే.

పాట తెగి తెగి వస్తుంటే ఎక్కువ స్పీడ్ ప్లాన్ కొనకండి. స్పాటిఫైలో "వెరీ హై" నాణ్యత పాటకి కావాల్సింది సెకనుకి 320 కిలోబిట్లు, అది ఏ ప్లాన్‌కైనా లెక్కలోది కాదు. కొరత సిగ్నల్‌లో ఉంటుంది. వైఫై అనలైజర్ యాప్‌తో స్పీకర్ ఉన్నచోట కొలవండి. మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 75 కంటే కిందికి పోతే తెగడం మొదలవుతుంది. ఇనుప బీరువా పక్కన, టీవీ వెనక, ఫ్రిజ్ మీద గోడకి ఆనించి పెట్టిన స్పీకర్‌ని రెండడుగులు జరిపితే ఒక్కోసారి పది డీబీ తేడా వస్తుంది. గోడలు ఎక్కువగా అడ్డున్న గదికి 5 గిగాహెర్ట్జ్ వైఫై కంటే 2.4 గిగాహెర్ట్జ్‌ది నయం.

కాస్ట్ గ్రూపులో ఒక స్పీకర్ పెద్దరికం తీసుకుని పాట తెచ్చి మిగతావాటికి పంచుతుంది. అందుకే ఒక్కదాని సిగ్నల్ బలహీనమైనా గ్రూపంతా తడబడొచ్చు. ఏది చెడగొడుతోందో తెలియాలంటే గ్రూపులోంచి ఒక్కోదాన్నీ తీసి చూడాలి. ఒక స్పీకర్ మిగతావాటికంటే అరక్షణం ముందో వెనకో పాడుతుంటే, దాని ఆడియో సెట్టింగ్స్‌లో గ్రూప్ డిలే కరెక్షన్ ఉంటుంది. రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి, ప్రతిధ్వని పోయేదాకా స్లైడర్ జరపండి. పాట కంటే న్యూస్ పెట్టి సరిచేసుకోవడం సులువు, మాటల్లో తేడా చెవికి తొందరగా తెలుస్తుంది. ఎకోలో మల్టీరూమ్ మ్యూజిక్ గ్రూపుకి బ్లూటూత్ నుంచి పాట పంపడం కుదరదు. ఫోన్‌లో దాచుకున్న పాత ఎంపీత్రీలు ఎకోలో వినాలంటే బ్లూటూత్‌తో ఒక్క స్పీకర్‌కే పెట్టుకోవాలి. కాస్ట్ స్పీకర్లకైతే ఆండ్రాయిడ్‌లో వీఎల్‌సీ నుంచి పంపొచ్చు. అప్పుడు ఫైలు ఫోన్‌లోంచే వెళ్తుంది కనుక ఫోన్ ఇంట్లో, వైఫైలో ఉండాలి.

పేర్లు పెట్టడంలో కాస్త బుర్ర వాడాలి. "హాల్", "హాల్ గ్రూప్" అని రెండు పెడితే ఎక్కడ పాడాలో స్పీకర్‌కి అయోమయం. గ్రూపుకి "ఎవ్రీవేర్" లాంటి వేరే పేరు పెట్టండి. ఇంగ్లీషు ఆదేశాలు వినే స్పీకర్ తెలుగు పాట పల్లవి చెప్తే ఒక్కోసారి ఏదో ఇంగ్లీషు పాట ఎత్తుకుంటుంది. పల్లవి పదిసార్లు అరవడం కంటే, కావాల్సిన పాటలు ఒక ప్లేలిస్టులో పెట్టి "మార్నింగ్ వన్" లాంటి తేలిక పేరిచ్చి, "ప్లే మై ప్లేలిస్ట్ మార్నింగ్ వన్" అనడం మేలు.

పొద్దున్నే దానంతటదే భక్తిగీతాలు మొదలవ్వాలంటే అలెక్సాలో రొటీన్ పెట్టుకోవచ్చు. ముందు వాల్యూమ్ చర్య, చివర మ్యూజిక్ చర్య ఉండాలి. వాల్యూమ్ చేర్చకపోతే రాత్రి పార్టీలో పెట్టిన 8 మీదే తెల్లవారుజామున 5:30కి పాట మొదలై, మీతోపాటు పక్క ఫ్లాట్‌వాళ్లనీ లేపుతుంది. ఏ స్పీకర్‌లో పాడాలో కూడా రొటీన్‌లోనే ఎంచుకోవాలి.

హాల్లో పాట ఉన్నట్టుండి ఆగిపోతే ఇంట్లో ఇంకెవరో అదే స్పాటిఫై అకౌంట్‌తో పాట పెట్టి ఉంటారు. ఒక అకౌంట్‌కి ఒకేచోట పాట. ఎక్కువమందికి పనికొచ్చే ప్లాన్ తీసుకుని ఎవరి అకౌంట్ వాళ్లకిస్తే ఈ గొడవ ఉండదు. అలా కాకుండా చుట్టాలొచ్చినప్పుడే పాటలు ఆగుతున్నాయా? మీ వైఫైలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ కాస్ట్ నోటిఫికేషన్ వెళ్తుంది. ఏ పిల్లాడో దాన్ని నొక్కి ఉంటాడు. గూగుల్ హోమ్‌లో స్పీకర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కాస్ట్ మీడియాని ఇతరులు అదుపు చేసే వీలు ఇచ్చే ఆప్షన్ ఆపేయండి.