ఒక్కటే చందమామ

శనివారం, రాత్రి పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి కానీ ఈ రోజు గురించి రాయకుండా పడుకోవాలని లేదు. చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ జరగలేదు. అయినా ఇందులో ఏ ఒక్కటీ మరిచిపోవడం నాకు ఇష్టం లేదు.

పొద్దున ఐదింటికే లేచాను. ప్రమోషన్ పరీక్షకు ఇంకా ఏడు వారాలుంది. ఈ మధ్య చదివే పద్ధతి మార్చాను. ఇదివరకు ఒకే పేజీని మూడుసార్లు చదివి, వచ్చేసిందనుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కసారి చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నది తెల్లకాగితం మీద రాస్తున్నాను. మొదట్లో పేజీకి నాలుగు వాక్యాలు కూడా వచ్చేవి కావు. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాల కూర్పులను తానే కంఠతా పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో ఓపికగా కొలిచి, 1885లో పుస్తకంగా వేశాడు. మొదటి గంటలోనే సగానికి పైగా చేజారిందని ఆయన లెక్క. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది. నలభై దాటాక చదువుకుంటున్నాను కాబట్టి బుర్రలో నిలవడం లేదని దిగులుపడేదాన్ని. మరపు ఏ వయసులోనైనా ఉండేదేనని, మళ్ళీ మళ్ళీ గుర్తు చేసుకుంటే బాగా నిలుస్తుందని తెలిసింది.

ఈ రోజు పాఠం జంటపద్దు విధానం, అంటే ప్రతి లావాదేవీనీ ఒకచోట డెబిట్‌గా, ఇంకోచోట క్రెడిట్‌గా రెండుసార్లు రాసే పద్ధతి. ఇరవై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పనే. దాన్ని మొదట అచ్చుపుస్తకంలో వివరించిన లూకా పాచోలీ గణితం చెప్పుకునే సన్యాసి అని, ఆ పుస్తకం 1494లో వెనిస్‌లో వచ్చిందని ఈ పాఠంలోనే చదివాను. ఆయన కనిపెట్టింది కాదు, అప్పటికే అక్కడి వర్తకులు వాడుతున్న పద్ధతినే నలుగురికీ అర్థమయ్యేలా రాశాడు. పక్కవాడి చేతిలో ఉన్న పనితనాన్ని శ్రద్ధగా చూసి రాసిపెట్టిన మనుషులంటే నాకు గౌరవం.

ఆరింటికి అమ్మ లేచింది. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. ఎడమకంటికి ఇంకా చేయించాలి. ఈ ఐదు వారాలుగా అమ్మ పొద్దున్నే చేసే పని ఒకటుంది. మంచం మీద కూర్చుని, ఎడమకన్ను అరచేత్తో మూసి ఎదుటి గోడను చూస్తుంది. తరవాత కుడికన్ను మూసి చూస్తుంది. మళ్ళీ ఎడమది. "ఈ కంటికి గోడ తెల్లగా ఉందే. ఆ కంటికి పాత కాగితంలా ఉంది" అంటుంది. రోజూ అదే మాట, రోజూ అదే ఆశ్చర్యం.

మూడేళ్ళ కింద ఇంటికి రంగు వేయించినప్పుడు, "తెలుపు వేయిస్తానని చెప్పి ఈ పసుపేమిటే?" అని అమ్మ అడిగింది. తెలుపేనమ్మా అన్నాను. కాదంది. నేను విసుక్కున్నాను. వయసు పైబడేకొద్దీ కంటిలోని లెన్సు పసుపుబారుతుందని, నీలి వెలుగును లోపలికి రానివ్వదని, అదంతా చాలా నెమ్మదిగా జరగడం వల్ల ఆ మనిషికే తెలియదని మొన్న డాక్టరు చెబుతుంటే, నాకు ఆ గోడే గుర్తుకొచ్చింది. అమ్మ చాదస్తం అనుకున్నాను. అమ్మ తనకు కనిపించిందే చెప్పింది. ఆ రోజు నేను విసుక్కున్న మాట వెనక్కి తీసుకోగలిగితే బాగుండేది.

ఆఫీసు ఒంటిపూటే. కానీ నెల మొదటి శనివారం కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంటుతో మా పుస్తకాలు సరిచూసే పని మెడ మీద ఉంది. వెళ్ళేసరికి కొత్తగా చేరిన అబ్బాయి ముఖం వాడిపోయి ఉంది. రెండింటికీ మధ్య 63 తేడా వస్తోందట. నిన్న సాయంత్రం నుంచీ మొదటి వరుస నుంచి ఒక్కొక్క పద్దూ టిక్కులు పెట్టుకుంటూ వస్తున్నాడు. నాలుగు వందలకు పైగా పద్దులు. "మేడమ్, ఒకసారి మొత్తం చూసేశాను, దొరకలేదు. మళ్ళీ మొదలుపెట్టాను" అన్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి పాపం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇలాంటి రాత్రి ఒకటి వచ్చింది. అప్పటి మా సీనియర్ అకౌంటెంట్ గారు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తప్పెక్కడుందో చూపించలేదు. "ముందు ఆ తేడాను తొమ్మిదితో భాగించి చూడమ్మా" అన్నారు, అంతే. ఈ రోజు నేనూ ఆ అబ్బాయి పక్కన కుర్చీ వేసుకుని అదే మాట అన్నాను.

63ను తొమ్మిదితో భాగిస్తే ఏడు, శేషం లేదు. అలా శేషం లేకుండా పోయిందంటే ఎవరో పక్కపక్కన ఉన్న రెండు అంకెలను తారుమారు చేసి ఉండవచ్చు. భాగఫలం ఏడు కాబట్టి ఆ రెండు అంకెల మధ్య తేడా ఏడు. అలాంటి జతలు మూడే ఉన్నాయి: 70, 81, 92. తిరగేస్తే 07, 18, 29. తేడా 630 అయితే వందలూ పదులూ చూడాలి. ఇది 63 కాబట్టి చివరి రెండు అంకెలు చూస్తే చాలు. ఇక నాలుగు వందల పద్దులు అక్కరలేదు, ఆ ఆరింటిలో ఒకదానితో ముగిసేవి ఏరుకోవాలి. అవి ఇరవై మూడు తేలాయి. అతనే వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. తొమ్మిదో దాని దగ్గర వేలు ఆగిపోయింది. బ్యాంకులో 4,592. మా పుస్తకంలో 4,529.

"రెండుసార్లు దీన్ని చూశాను మేడమ్. రెండుసార్లూ టిక్కు పెట్టాను" అన్నాడు. నిజమే, ఆ రెండు టిక్కులూ అక్కడ ఉన్నాయి, ఒకటి నీలం సిరాతో, ఒకటి ఎరుపుతో. అంకెలన్నీ అవే కావడంతో కన్ను సర్దుకుపోతుంది. ఇందులో అతని శ్రద్ధ తక్కువేమీ కాలేదు, ఆ మాట అతనికి గట్టిగానే చెప్పాను. తేడా సున్నా అయినప్పుడు అతని భుజాలు కిందికి దిగడం నేను చూశాను. నాకు ఆ పని నేర్పినాయన ఇప్పుడు లేరు. ఉంటే ఈ సాయంత్రం ఫోను చేసి చెప్పేదాన్ని.

రెండింటికి అందరం ఒక్కసారే బయటపడ్డాం. సంచులు సర్దుకుంటూ, నవ్వుకుంటూ, గేటు దాటగానే తలో దారి పట్టే ఆ దృశ్యం నాకు చాలా ఇష్టం. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి జనానికి మొదటిసారి సినిమాలు చూపించినప్పుడు, పది చిన్న చిత్రాల్లో మొదటిది సరిగ్గా ఇదే: లియోన్ నగరంలోని వాళ్ళ ఫ్యాక్టరీ నుంచి పనివాళ్ళు బయటికి రావడం. నిమిషం కూడా ఉండదు. లోకంలో ఎన్నో వింతలుండగా వాళ్ళు పని ముగించుకుని వెళ్తున్న మనుషులను ఎంచుకున్నారు. ఎంత మంచి పని చేశారో అనిపిస్తుంది.

ఇంటికి రాగానే 63 కథ మా అమ్మాయికి చెప్పాను. ఎనిమిదో తరగతి, సోమవారం బీజగణితం పరీక్ష. పొద్దుటి నుంచీ పుస్తకం ముందు ముఖం ముడుచుకుని కూర్చుందట. "తొమ్మిదే ఎందుకమ్మా?" అంది. నువ్వే చూడు అని కాగితం ముందుకు జరిపాను. పదుల అంకెను ఎ అనుకుంది, ఒకట్ల అంకెను బి అనుకుంది. పది ఎ ప్లస్ బి లోంచి పది బి ప్లస్ ఎ తీసేసింది. తొమ్మిది ఎ, మైనస్ తొమ్మిది బి మిగిలాయి. కాసేపు వాటి వంకే చూసి, తొమ్మిదిని బ్రాకెట్టు బయటికి తెచ్చింది. "అంటే ఏ అంకెలైనా ఇంతేనా!" అని కుర్చీలోంచి లేచి నిలబడింది. నేను అడగకుండానే మూడంకెల సంఖ్యను తిరగేసి తీసివేసింది. తొంభై తొమ్మిది వచ్చింది, మధ్య అంకె ఎగిరిపోయింది. మధ్య అంకె ఏదైనా ఫరవాలేదన్న సంగతి నాకే ఇప్పటిదాకా తట్టలేదు. నేను ఆఫీసులో వాడుతున్న కిటుకు వెనక ఉన్నది తన పాఠమేనని దానికి తెలియడం ఈ రోజు నాకు దొరికిన పెద్ద సంతోషం.

సాయంత్రం సినిమా. డాక్టరును అడిగే టికెట్లు తీసుకున్నాం. మావారు, నేను, అమ్మాయి, అమ్మ. దారిలో పార్కులో అరగంట కూర్చున్నాం. అమ్మ నల్ల కళ్ళజోడు తీసి, తలపైన ఉన్న చెట్టును చూస్తూ, "ఆకులు దేనికది విడివిడిగా కనిపిస్తున్నాయి" అంది. ఇన్నాళ్ళూ చెట్టంటే ఒకటే ఆకుపచ్చ ముద్దలా ఉండేదట. మావారు ఏమీ మాట్లాడకుండా ఒక ఆకు కోసి అమ్మ చేతిలో పెట్టారు. దాని ఈనెలను వేలితో తడుముతూ హాలు దాకా తెచ్చుకుంది.

సినిమా మధ్యస్థంగా ఉంది. మొదటి సగం బిగువుగా సాగింది, రెండో సగంలో పాత్రలు మాట్లాడుకోవాల్సిన చోటల్లా సంగీతం మోగించి దాటవేశారు. తల్లి పాత్ర వేసినావిడ మాత్రం ఒక్క మాటా లేకుండా తలుపు గడియ వేసే సన్నివేశంలో నన్ను ఏడిపించింది. గుర్రబ్బండి వెంటాడే సన్నివేశంలో అమ్మాయి నా చెవిలో, "బండి ముందుకు పోతుంటే చక్రం వెనక్కి తిరుగుతోందేమిటి?" అంది. ఇంటికి వచ్చేదారిలో వాళ్ళ నాన్న దానితో లెక్క కట్టించారు. తెరపై సెకనుకు 24 బొమ్మలు పడతాయి. చక్రానికి ఇరుసు నుంచి అంచుదాకా ఉండే పుల్లలు, అంటే ఆకులు, పన్నెండు ఉండి, అది సెకనుకు రెండుసార్లు తిరిగితే, ఒక బొమ్మకీ తరవాతి బొమ్మకీ మధ్య సరిగ్గా ఒక ఆకు జరిగి ఇంకో ఆకు స్థానంలోకి వస్తుంది. అన్నీ ఒకేలా ఉంటాయి కనుక చక్రం కదలనట్టే ఉంటుంది. అంతకన్నా కొంచెం నెమ్మదిగా తిరిగితే ప్రతి బొమ్మలోనూ కొంచెం వెనకబడుతుంది, మన కంటికి వెనక్కి తిరుగుతున్నట్టు తోస్తుంది. "మళ్ళీ అంకెలు తారుమారైనట్టే!" అంది అమ్మాయి.

సినిమా అయ్యాక జనం లేచి వెళ్ళిపోతున్నారు. అమ్మ కదల్లేదు. తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. అమ్మ వాటిని చదువుతోంది. పైకే, మెల్లగా, ఒక్కొక్క పేరూ: దీపాలు పట్టినవాళ్ళు, కుట్టుపనివాళ్ళు, డ్రైవర్లు. అంత వేగంగా కదిలే అక్షరాలను అమ్మ చదవడం చూసి ఎన్నేళ్ళయిందో. ముందు వరుసలు ఊడుస్తున్నతను మమ్మల్ని చూసి చీపురు ఆపి నిలబడ్డాడు. చివరి పేరు వెళ్ళిపోయే దాకా మేం నలుగురం కూర్చునే ఉన్నాం.

ఇంటికి వచ్చేసరికి పది కావస్తోంది. పౌర్ణమికి ఇంకా నాలుగు రోజులుంది, చంద్రుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నాడు. అమ్మ మెట్ల దగ్గర ఆగి, తల ఎత్తి, పొద్దున గోడను చూసినట్టే అరచేయి కంటికి అడ్డం పెట్టుకుంది.

"ఎడమకంటితో ఎన్ని చందమామలు కనిపిస్తున్నాయి అమ్మమ్మా?" అంది అమ్మాయి.

"మూడు. ఒకదాని మీద ఒకటి జరిగినట్టు."

"ఇన్నాళ్ళూ మూడేనా?"

"మూడే. అందరికీ అంతేనేమో అనుకున్నాను." చెయ్యి మార్చి రెండో కన్ను మూసుకుంది. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఈ కంటికి ఒక్కటే" అంది.

ఎడమకంటి ఆపరేషన్ వచ్చే నెల పంతొమ్మిదిన. ఇప్పుడే లేచి వెళ్ళి క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి వచ్చాను.