పుస్తకాలు రాసినవాళ్ళ కోసం కూడా స్తోత్రం చెప్పుకుందాం

మా నల్లగొండ చర్చిలో సాక్ష్యాల సమయం వస్తే ఉద్యోగం వచ్చిందని, ఆపరేషన్ మంచిగ అయిందని, బోరులో నీళ్ళు పడ్డాయని దేవునికి స్తోత్రం చెప్తారు. చెప్పాల్సిందే. కానీ ఒక పుస్తకం కోసం, దాన్ని రాసిన మనిషి కోసం స్తోత్రం చెప్పినవాళ్ళను నేనింతవరకు వినలేదు. అందుకే ఇక్కడ నేను చెప్తున్నా.

మా నానమ్మ చిన్నప్పుడు బడికి పోలేదు. పెళ్ళయి పిల్లలు పుట్టాక కీర్తనల పుస్తకం పట్టుకుని అక్షరాలు నేర్చుకుంది. పాటలన్నీ ముందే నోటికొచ్చు కాబట్టి, ఎవరైనా నంబరు చూసి పేజీ తీసిస్తే చాలు, మెల్లగా పాడుకుంటూ ఒక్కో మాట కింద వేలు పెట్టి, యేసులో 'యే' ఇది, 'సు' ఇది అని పోల్చుకుంటూ పోయేదట. నోట్లో ఉన్న పాటే ఆమెకు పంతులు. తర్వాత సువార్తలు చదివింది, బస్సు బోర్డులు చదివింది, భూమి పాసుబుక్కులో పేరు సరిగ్గా పడిందో లేదో తనే చూసుకునేది. ఆ కీర్తనలు రాసినవాళ్ళలో పెద్ద పేరు పురుషోత్తమ చౌదరి గారిది (1803-1890). ఎక్కడో ఒడిశా వైపు సేవ చేసిన ఆయనకు, తన పాటలున్న పుస్తకంతో ఇక్కడొక కూలితల్లి చదువు నేర్చుకుంటుందని ఏం తెలుసు!

అసలు సువార్తలు తెలుగులో చేతికొచ్చిన కథ తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. విశాఖపట్నంలో క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు ఆ పని మొదలుపెడితే ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి పక్కనుండి సాయం చేశాడు. 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో మత్తయి, మార్కు, లూకా అచ్చయ్యేసరికి ఆ మిషనరీలిద్దరూ బతికి లేరు. ఆనందరాయర్ పేరు మన చర్చిల్లో ఎంతమందికి తెలుసు?

పౌలు చెప్తుంటే రోమా పత్రిక రాసిపెట్టిన తెర్తియు కూడా చివర్లో ఒక్క వాక్యంలో వందనాలు చెప్పి ఊరుకున్నాడు. ఆ పౌలే, తన చావు దగ్గరపడిందని తెలిసి కూడా, వచ్చేటప్పుడు అంగీతో పాటు పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:13). బైబిల్ తప్ప వేరే పుస్తకం ముట్టొద్దని పిల్లలను ఆపే పెద్దలు ఈ వచనం దగ్గర కాసేపు ఆగాలని నా మనవి.

నేనైతే కవి గుర్రం జాషువా గారి 'క్రీస్తు చరిత్ర' కోసం ఎంత స్తోత్రం చెప్తానో, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి కోసమూ అంతే చెప్తాను. తెలంగాణలో కవులే లేరన్న మాటకు ఆయన 1934లో 354 మంది కవులతో సంచిక వేసి జవాబిచ్చారు. ఆయన క్రైస్తవుడు కాదు. అయితేనేం, మంచి ఈవి, అంటే మంచి వరం, ప్రతిదీ పైనుంచే వస్తుందని యాకోబు రాయలేదా?

వచ్చే ఆదివారం సాక్ష్యాల్లో లేచి ఆనందరాయర్ పేరు చెప్పబోతున్నా. మీ ఇళ్ళల్లో అట్టలూడిన పాత కీర్తనల పుస్తకాలు, తాతల కాలం చర్చి పత్రికలు ఉంటే పాత పేపర్ల బండికి వేయకండి. దేవరకొండైనా, పాలమూరైనా సరే, ఒక్క మాట చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటా.